ముందు బాలాలయం

ఈ నెల నా నోటుబుక్కులో చేరిన మాటలు ఐదు: ఇమారతు, మాలిక్, కిరాయి, మరమ్మతు, బల్దియా. తెలంగాణలో వీటికోసం ఎవరూ నిఘంటువు తీయరు. దోహాలో కూడా తీయక్కర్లేదు. ఐదింటికీ వేళ్ళు అరబ్బీలోనే ఉన్నాయి. పారసీ, ఉర్దూల మీదుగా మన ఊళ్ళ దాకా నడిచి వచ్చాయి. ఇక్కడ బిల్డింగుని ఇమారా అంటారు, ఓనరుని మాలిక్ అంటారు, మున్సిపాలిటీని బలదియా అంటారు. పాత కట్టడాన్ని బాగుచేస్తే తర్మీమ్ అంటారు. మన మరమ్మతుదీ అదే ధాతువు. అద్దెకి మాత్రం ఇక్కడి కాగితాల మీద ఈజార్ అని ఉంటుంది. మనవాళ్ళు దాన్ని కూడా వదల్లేదు, ఇజారా అని తెచ్చుకున్నారు.

ఈ ఐదు మాటలతో ఒక వాక్యం రాయమని ఎవరైనా నాకు హోంవర్క్ ఇస్తే ఇలా రాస్తాను: ఇమారతు మాలిక్ కిరాయి తీసుకుంటాడు, మరమ్మతు మాటెత్తితే కిరాయిదారు భయపడతాడు, బల్దియా మాటెత్తితే ఇద్దరూ భయపడతారు.

వ్యాకరణం సంగతి మీరు చూడండి. విషయం సంగతి నేను చెబుతాను.

పాత బిల్డింగుని కూల్చకుండా, కరెంటు తక్కువ తినేలా, వేడి తక్కువ పట్టేలా బాగుచేయడాన్ని రెట్రోఫిటింగ్ అంటున్నారు. దీనికి అడ్డం ఏమిటని అడిగితే తెలిసినవాళ్ళు మూడు చెబుతారు: డబ్బు, టెక్నాలజీ, అవగాహన. నేను పద్నాలుగేళ్ళుగా అల్ మన్సూరాలో ఉంటున్నాను. నా లెక్కలో ఆ మూడూ వెనక వరుసలో కూర్చుంటాయి. ముందు వరుసలో కూర్చున్నది భయం. బాగుచేస్తామని చెప్పి ఖాళీ చేయిస్తారేమో, మళ్ళీ రానివ్వరేమో అనే భయం. ఈ భయానికి ముందు జవాబు చెప్పకుండా ఎన్ని పథకాలు పెట్టినా పాత బిల్డింగు పాతగానే ఉంటుందని నా అభిప్రాయం.

కొత్తగా వచ్చిన చదువరుల కోసం నా గురించి రెండు ముక్కలు. పుట్టి పెరిగింది బొంబాయిలో, చదివింది ఇంగ్లీషు మీడియంలో, తెలుగు అక్షరాలు దిద్దుకున్నది యాభై ఎనిమిదో ఏట. ఇక్కడ వారం సెలవు శుక్రవారం కాబట్టి మా భజన కూడా శుక్రవారమే, ఒక అద్దె హాల్లో. అక్కడ నేను వాలంటీరుని. చాపలు పరుస్తాను, చెప్పులు వరసగా పెట్టిస్తాను, పులిహోర పంచుతాను. వచ్చేవాళ్ళు ఎక్కువగా చుట్టుపక్కల ఫ్లాట్లలో ఉండే జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కడప, గోదావరి జిల్లాల వాళ్ళు. చేతిలో ప్రసాదం ఉన్నప్పుడు మనిషి ఇంటి సంగతులు చెబుతాడు. కింద రాసేదాంట్లో సగం అలా విన్నదే.

అల్ మన్సూరా తెలియనివాళ్ళకి: ఇది దోహాలో నజ్మా పక్కన ఉంటుంది. మెట్రో గ్రీన్ లైన్ ఇక్కడితో ఆగిపోతుంది. 2019లో మొదలైన ఆ స్టేషన్‌లో నేల అద్దంలా మెరుస్తుంది. బయటికి వచ్చి నాలుగడుగులు వేస్తే మూడంతస్తుల, నాలుగంతస్తుల పాత బిల్డింగులు. కింద కిరాణా కొట్టు, క్షవరం షాపు, టైలరు, కరక్ చాయ్. పైన బట్టలు ఆరేసిన బాల్కనీలు. ఆ పక్కనే బిన్ దిర్హం అనే వాడ. మనవాళ్ళు రెండింటినీ కలిపి మన్సూరా అనే అంటారు.

ఈ బిల్డింగుల్లోకి వేడి ఎలా వస్తుందో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇందులో నాకు పద్నాలుగు వేసవుల అనుభవం ఉంది. పై అంతస్తు స్లాబు పగలంతా ఎండ తాగుతుంది, రాత్రంతా కక్కుతుంది. అర్ధరాత్రి స్టూలెక్కి సీలింగు మీద అరచెయ్యి పెట్టండి, ఇప్పుడే పొయ్యి మీంచి దించిన పెనంలా ఉంటుంది. గోడలు బోలు సిమెంటు ఇటుకలవి, వేడిని ఆపే పొర ఏదీ లేదు. కిటికీకి ఒంటి అద్దం, అల్యూమినియం చట్రం. వెనకటి విండో ఏసీల కోసం గోడకి పెట్టిన పెద్ద పెద్ద కంతలు ఉన్నాయి. స్ప్లిట్ ఏసీలు వచ్చాక వాటిని ప్లైవుడ్ ముక్కతో మూసి, చుట్టూ స్పాంజి కుక్కారు. చల్లగాలి బయటికి పోతుంది, దుమ్ము లోపలికి వస్తుంది. ఇక నీళ్ళ ట్యాంకు డాబా మీద నిలువెండలో ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా చన్నీళ్ళ కుళాయిలో వేడినీళ్ళు వస్తాయి. అందుకని మేమంతా గీజరు స్విచ్చి ఆపేసి వేడినీళ్ళ కుళాయి తిప్పుకుని స్నానం చేస్తాం. ఇంట్లో నీడన ఉన్న గీజరులోని నీళ్ళే కాస్త చల్లగా ఉంటాయి. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళెవరికీ ఇది వింత కాదు. ఊరికి ఫోన్ చేసి చెబితే మాత్రం నవ్వుతారు.

దీనికి మందు ఏమిటో అందరికీ తెలుసు. డాబా మీద తెల్లటి పూత, వీలైతే దాని కింద వేడిని ఆపే పలకలు. ట్యాంకు మీద నీడ. కంతలకి ఇటుక కట్టుబడి. కిటికీ మీద చజ్జా. పాత ఏసీ తీసి, ఎక్కువ నక్షత్రాల లేబుల్ ఉన్నది పెట్టడం. ఇందులో కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. దోహాలోనే, పాత నజాద వాడలో, 1930ల నాటి ఇల్లు ఒకటి గాలి గోపురంతో ఇప్పటికీ నిలిచి ఉంది. ఏసీ లేని రోజుల్లో పైగాలిని పట్టి కిందికి దింపడానికి కట్టిన గోపురం అది. మందపాటి గోడ, చిన్న కిటికీ, పైన గాలి దారి. మా వీధిలో బిల్డింగులు కట్టినవాళ్ళకి అది నడిచి వెళ్ళి చూసేంత దూరంలోనే ఉంది.

మరి ఎందుకు చేయరు? డబ్బు లెక్క చూద్దాం. ఖతరీ పౌరుల ఇళ్ళకి కరెంటు, నీళ్ళు ఉచితం. మాలాంటివాళ్ళు కహ్రమా సంస్థకి బిల్లు కడతాం, అది కూడా యూనిట్‌కి కొన్ని దిర్హాముల చొప్పున. అంటే బిల్లు మరీ నొప్పెట్టేంత ఉండదు. 2012 నుంచి తర్షీద్ అనే పొదుపు కార్యక్రమం నడుస్తోంది. దీపాలు మార్చండి, ఏసీ డిగ్రీ పెంచండి, నీళ్ళు వృథా చేయకండి అని చెబుతారు. మంచి మాటలే. కానీ అవన్నీ ఇంట్లో ఉండేవాడు చేయగలిగినవి. స్లాబు మీద పూత వేయడం ఇంట్లో ఉండేవాడి చేతిలో లేదు. డాబా తలుపు తాళం వాచ్‌మన్ దగ్గర ఉంటుంది.

పూత డబ్బు మాలిక్ పెట్టాలి. తగ్గిన బిల్లు సుఖం కిరాయిదారుది. దీనికి ఇంగ్లీషులో స్ప్లిట్ ఇన్సెంటివ్ అనే పేరుంది. తెలుగులో నేను "పెట్టేది ఒకరు, తినేది ఒకరు" అంటున్నాను. ఇంతకంటే మంచి మాట మీ దగ్గర ఉంటే రాయండి, నోటుబుక్కులో చేర్చుకుంటాను. పైగా మన్సూరాలో పెట్టేవాడికీ తినేవాడికీ మధ్య ఇంకో ఇద్దరు ముగ్గురు ఉంటారు. మాలిక్ దగ్గర బిల్డింగు మొత్తాన్ని రియల్ ఎస్టేట్ ఆఫీసు తీసుకుంటుంది, దాని దగ్గర ఒక కంపెనీ తీసుకుంటుంది, లేదా ఒక మనిషి ఫ్లాటు తీసుకుని మంచాల లెక్కన ఇస్తాడు. మంచం కిరాయిలోనే కరెంటు కలిసి ఉంటుంది. ఆ మంచం మీద పడుకునేవాడు బిల్లు కాగితం ఎప్పుడూ చూడడు. వాడికి తెలిసేది వేడి ఒక్కటే.

ఎవరూ సొంతం చేసుకోలేరా అంటే, 2020లో విదేశీయులకి 99 ఏళ్ళ అనుభవ హక్కు ఇచ్చే పదహారు ప్రాంతాల జాబితా ప్రకటించారు. అందులో మన్సూరా, బిన్ దిర్హం కూడా ఉన్నాయి. కాగితం మీద అది పెద్ద మార్పు. కానీ రెండేళ్ళ కాంట్రాక్టు మీద వచ్చి, ఉద్యోగం పోతే దేశం వదలాల్సిన మనిషి 99 ఏళ్ళ సంగతి ఆలోచించడు. నేను కూడా ఆలోచించలేదు. పద్నాలుగేళ్ళు ఉన్నాక కూడా నా అటక మీద ఖాళీ సూట్‌కేసు దుమ్ము దులిపే ఉంటుంది.

ఇంకో అడ్డంకి కాలానిది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఖతర్‌లో 2021 నుంచి, జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 దాకా, ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదు. చాలా మంచి నియమం. దానివల్ల బతికినవాళ్ళు మా భజనకి వస్తారు. కానీ డాబా పని ఎండాకాలంలో నత్తనడక నడుస్తుందని కూడా దాని అర్థం. చలికాలంలో చేయొచ్చు. చలికాలంలో వేడి ఎవరికి గుర్తుంటుంది? డిసెంబరులో డాబా మీద పూత గురించి మాట్లాడితే నన్ను వింతగా చూస్తారు.

పచ్చ బిల్డింగుల సర్టిఫికెట్ల మాట కూడా చెప్పాలి. ఈ ప్రాంతం వాతావరణానికి తగ్గట్టు 2009లో ఇక్కడే తయారు చేసిన పద్ధతి ఒకటి ఉంది, ఇప్పుడు జీశాస్ అంటారు. పాత బిల్డింగుల నిర్వహణకి కూడా అందులో విడిగా సర్టిఫికెట్ ఉంది. స్టేడియాలకి, పెద్ద టవర్లకి అది బాగా పనికొచ్చింది. మా వీధిలో మాత్రం గోడ మీద అలాంటి ఫలకం నాకు కనిపించలేదు. కనిపించేది "బెడ్ స్పేస్ ఖాళీ" అనే కాగితం.

ఇంతవరకు చెప్పినవన్నీ వెనక వరుసవి. ఇక ముందు వరుస.

2023 మార్చి 22, బుధవారం ఉదయం, రంజాన్ ఉపవాసాలకి ఒక రోజు ముందు, బిన్ దిర్హంలో నాలుగంతస్తుల బిల్డింగు కూలిపోయింది. శిథిలాల కింద వెతుకులాట రోజుల తరబడి సాగింది. చనిపోయినవాళ్ళలో భారతీయులు ఉన్నారు, కేరళవాళ్ళు ఎక్కువ. ఆ వారం మా భజనలో పాటలు పాడలేదు, ఊరికే కూర్చున్నాం. తర్వాత దర్యాప్తులో కట్టినప్పటి లోపాలతో పాటు, సరైన అనుమతి లేకుండా చేసిన మరమ్మతు పని కూడా బయటికి వచ్చింది. ఈ రెండో కారణం దగ్గర కాసేపు ఆగండి. మరమ్మతు లేకపోవడం ఒక ప్రమాదం. మరమ్మతు దొంగచాటుగా చేయడం ఇంకో ప్రమాదం. దొంగచాటుగా ఎందుకు చేస్తారు? అనుమతి అడిగితే ఇంజనీరు వస్తాడు, ఇంజనీరు వస్తే బిల్డింగు ఖాళీ చేయమనొచ్చు, ఖాళీ చేస్తే కిరాయి ఆగిపోతుంది. మాలిక్ భయం అది.

గల్ఫ్‌లో పాత కాంక్రీటుకి ఒక జబ్బు ఉంది. 1970లు, 80ల్లో హడావిడిగా కట్టినప్పుడు కొన్నిచోట్ల సరిగ్గా కడగని సముద్రపు ఇసుక, ఉప్పునీళ్ళు వాడారు. ఆపైన సముద్రపు గాలి తేమ. ఉప్పు మెల్లగా లోపలి ఇనుప చువ్వ దాకా వెళ్తుంది, చువ్వ తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఉబ్బిన చువ్వ కాంక్రీటుని పగలగొడుతుంది. బయటికి మనకి కనిపించేది దూలం కింద ఎర్రటి మరక, ఒక సన్నటి గీత. అలాంటి స్లాబు మీద ఇన్సులేషన్ పలకలు, వాటిపైన సిమెంటు, సోలార్ ప్యానెళ్ళు అని బరువు పెంచే ముందు అది మోయగలదా అని చూడాలి. కాబట్టి ముందు స్తంభం, తర్వాత పచ్చదనం. ఈ మాటకి పర్యావరణ ప్రేమికులు ఎవరూ కోపం తెచ్చుకోరనుకుంటాను.

ఇప్పుడు కిరాయిదారు భయం. మా వీధిలో ఒక బిల్డింగు ఉంది, పేరు చెప్పను. దాని మూడో అంతస్తు బాల్కనీ కింద అలాంటి ఎర్ర గీత ఉంది. పోయిన ఏడాది బెత్తెడు ఉండేది, ఇప్పుడు మూర. ఆ ఫ్లాట్‌లో పదకొండు మంది ఉంటారు. వాళ్ళలో ఒకాయన, జగిత్యాల మనిషి, శుక్రవారం తప్పకుండా వస్తాడు. నేను గీత గురించి అడిగాను. ఆయన చుట్టూ చూసి మెల్లగా అన్నాడు:

"సార్, గా పగులు సంగతి మీరు బల్దియాల చెప్పకుండ్రి."

"ఎందుకయ్యా?"

"చెప్తే వాళ్ళు బాగ జెయ్యరు, మమ్ముల ఖాళీ జేపిస్తరు. గీ కిరాయికి మళ్ళ యాడ దొరుకుతది? డ్యూటీ బస్సు గీడికే వస్తది."

"మీద పడితే?"

"పడ్డనాడు సూద్దాం సార్."

ఈ మాట మొండితనం కాదు. 2022 అక్టోబరు చివర్లో, వరల్డ్ కప్పుకి కొన్ని వారాల ముందు, దోహా నడిమధ్య వాడల్లో విదేశీ కార్మికులు ఉండే పది పన్నెండు బిల్డింగులకి పైగా ఖాళీ చేయించారని రాయిటర్స్ రాసింది. మన్సూరాలోనే ఒక బిల్డింగులో పన్నెండు వందల మంది ఉండేవాళ్ళని, రాత్రి ఎనిమిదింటికి వచ్చి రెండు గంటల్లో వెళ్ళిపోవాలని చెప్పారని అక్కడివాళ్ళు ఆ వార్తలో అన్నారు. దీనికీ వరల్డ్ కప్పుకీ సంబంధం లేదనీ, వాడలను సరిదిద్దే పాత ప్రణాళికలో భాగమనీ, అందరికీ వేరే చోటు చూపించామనీ అధికారులు చెప్పారు. ఎవరి మాట ఎంత అనేది నేను తేల్చను. కానీ పరుపు చుట్టి పేవ్‌మెంటు మీద పెట్టుకున్న రాత్రిని చూసినవాడికి, "మీ బిల్డింగు బాగుచేస్తాం" అనే మాట ఎలా వినిపిస్తుందో ఆలోచించండి.

ఈ భయం నాకు బొంబాయి నుంచే తెలుసు. కామాఠీపురాకి ఆ పేరు పెట్టించింది మన కామాటీలే, నిజాం రాజ్యం నుంచి కూలిపనికి వెళ్ళిన తెలుగువాళ్ళు. ఆ చుట్టుపక్కల వీధుల్లో పాత చాల్‌ల కిరాయిలు 1947 చట్టంతో 1940 నాటి ధరల దగ్గర గడ్డకట్టాయి. కిరాయి పెరగదు కాబట్టి మాలిక్ సున్నం కూడా వేయించడు. కిరాయి తక్కువ కాబట్టి కిరాయిదారు కదలడు. కూలిపోతున్న బిల్డింగుల కోసం 1969లో ఇంకో చట్టం తెచ్చి, పన్ను వేసి, ప్రభుత్వమే మరమ్మతులు చేయిస్తానంది. ఆ లెక్కలోకి పందొమ్మిది వేలకు పైగా బిల్డింగులు వచ్చాయి. మరమ్మతు జరిగేదాకా ఉండడానికి ట్రాన్సిట్ క్యాంపులు కట్టారు. కొద్దికాలమే అని వెళ్ళి, అక్కడే పిల్లల పెళ్ళిళ్ళు చేసి, మనవల్ని ఎత్తుకున్న కుటుంబాలు ఆ ఊళ్ళో బోలెడు. ఆ క్యాంపులు కూడా పాతబడి మరమ్మతుకి వచ్చాయి. అందుకే అక్కడ దూలానికి టేకు కర్ర మోపు పెట్టుకుని కూర్చున్నవాళ్ళు గది వదలరు. వాళ్ళకి అవగాహన లేదని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళకి ఉన్నదే అవగాహన.

ఇక్కడే నాకు ఇష్టమైన మాట వస్తుంది: జీర్ణోద్ధారణ. జీర్ణం అంటే పాతబడి అరిగిపోయినది. ఉద్ధారణ అంటే పైకి లేపడం. తెలుగు నేర్చుకుంటున్నవాళ్ళు ఈ మాటని గుడి కరపత్రాల మీద చూసే ఉంటారు. రెట్రోఫిటింగ్‌కి ఇంతకంటే దగ్గర మాట నాకు దొరకలేదు. కానీ నేను చెప్పాలనుకున్నది ఈ మాట గురించి కాదు, దాని మొదటి మెట్టు గురించి.

గర్భగుడిలో పని మొదలుపెట్టే ముందు ఎవరూ గునపం తీయరు. ముందు బాలాలయం కడతారు. బాల అంటే చిన్నది. దేవుడు కొన్నాళ్ళు ఉండడానికి చిన్న గుడి. మూలవిరాట్టులోని కళని మంత్రంతో కలశంలోకి తీసుకుని అక్కడికి తెస్తారు. నిత్యపూజ ఒక్క పూట కూడా ఆగదు. నైవేద్యం ఆగదు. పని పూర్తయ్యాక అదే కళని అదే చోటికి తిరిగి చేరుస్తారు. "అదే చోటికి" అన్నది ముఖ్యం. దేవుణ్ణి బాలాలయానికి పంపి, గుడి బాగయ్యాక ఇంకో దేవుణ్ణి తెచ్చి పెట్టడం ఏ ఆగమంలోనూ లేదు.

తిరుమలలో ఈ పని పన్నెండేళ్ళకొకసారి కచ్చితంగా చేస్తారు, ఏదైనా పగిలేదాకా ఆగరు. విగ్రహం పీఠం దగ్గర వేసే అష్టబంధనం అనే మందు అరుగుతుంది కాబట్టి మళ్ళీ వేస్తారు. పోయినసారి 2018 ఆగస్టులో జరిగింది. అప్పుడు ఆ రోజుల్లో దర్శనం పూర్తిగా ఆపేద్దామని మొదట అనుకున్నారు. భక్తులు ఊరుకోలేదు, పరిమితంగా అయినా రానిచ్చారు. యాదాద్రిలో అయితే బాలాలయం 2016 నుంచి 2022 మార్చి 28 దాకా, దాదాపు ఆరేళ్ళు నడిచింది. అది మరమ్మతు కంటే కొత్త కట్టుబడి ఎక్కువ, నాకు పాత గుడే ఇష్టం, ఆ గొడవ ఇప్పుడు వద్దు. కానీ ఆ ఆరేళ్ళూ స్వామి ఎక్కడ ఉన్నాడని ఎవరూ అడగాల్సిన అవసరం రాలేదు.

నేను కోరేది మనుషులకి కూడా ఆ మర్యాద. పాత బిల్డింగు మరమ్మతు కాగితంలో మొదటి పేజీ మీద మూడు విషయాలు ఉండాలి: ఉన్నవాళ్ళు ఎక్కడికి వెళ్తారు, ఎప్పుడు తిరిగి వస్తారు, వచ్చాక కిరాయి ఎంత. ఇన్సులేషన్ మందం రెండో పేజీలో రాసుకోవచ్చు.

"గుళ్ళో దేవుడు ఒక్కడు, ఇక్కడ ఒక ఫ్లాట్‌లో పదకొండు మంది" అని నాతో వాదించినవాళ్ళు ఉన్నారు. నిజమే. కానీ బిల్డింగు మొత్తం ఒకేసారి ఖాళీ చేయాల్సిన పని అన్నిసార్లూ ఉండదు. బిల్డింగుకి ఒక ఫ్లాటు, లేదా వీధికి ఒకటి రెండు ఫ్లాట్లు ఖాళీగా ఉంచి, అంతస్తు వెంట అంతస్తు రెండు వారాలు అక్కడికి మారి, పని అయ్యాక తిరిగి రావచ్చు. అదే బాలాలయం. స్తంభాలే బలహీనమైతే అందరూ ఒకేసారి బయటికి రావాల్సిందే, అప్పుడు ఆ కొద్ది నెలలకి దగ్గర్లోనే చోటు చూపాలి. వరల్డ్ కప్ సంబరం అయ్యాక దోహాలో ఫ్లాట్లు ఖాళీగా ఉన్నాయని రియల్ ఎస్టేట్ వాళ్ళే గోల పెట్టారు కదా.

ఇది కల కాదు. నెదర్లాండ్స్‌లో ఎనర్జీస్ప్రాంగ్ అనే పద్ధతి పదేళ్ళకి పైగా నడుస్తోంది. ఇంటి కొత్త ముఖం, కొత్త కప్పు ఫ్యాక్టరీలో చేసి తెచ్చి, మనుషులు లోపల ఉండగానే కొన్ని రోజుల్లో బిగిస్తారు. అక్కడ పెట్టేవాడికీ తినేవాడికీ తగువు తీర్చడానికి చట్టం కూడా మార్చారు: ఇంతకుముందు కరెంటుకి, గ్యాసుకి కట్టిన డబ్బు ఇప్పుడు ఇంటి సంస్థకి కడతారు, అది మరమ్మతు అప్పు తీర్చుకుంటుంది. కిరాయిదారు జేబులోంచి పోయేది పెరగదు. న్యూయార్కులో ఎంపైర్ స్టేట్ బిల్డింగు కిటికీలు 6,514. 2010 ప్రాంతంలో వాటిని పారేసి కొత్తవి తేకుండా, ఆ బిల్డింగు ఐదో అంతస్తులోనే చిన్న కార్ఖానా పెట్టి, అద్దాలు తీసి బాగుచేసి మళ్ళీ బిగించారు. ఆఫీసులు మూయలేదు. అద్దాలకి బాలాలయం దొరికింది, అంటే మనుషులకి దొరక్కూడదా?

తెలంగాణ కూడా ఒక దారి చూపించింది. 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ప్రభుత్వ భవనాలకి, వ్యాపార భవనాలకి, 600 చదరపు గజాలు దాటిన స్థలంలో కట్టే ఇళ్ళకి చల్లటి పైకప్పు తప్పనిసరి. చదరపు మీటరుకి ఖర్చు మూడు వందల రూపాయల దగ్గర అని లెక్క. అయితే చిన్న పాత ఇంటికి అది ఇష్టమైతేనే. అంటే ఎవరి కప్పు ఎక్కువ కాలుతుందో వాళ్ళకి మాత్రం ఇష్టం మీద వదిలేశారు. పథకం మంచిదే, నేను పొగుడుతున్నాను, కానీ ఆ ఒక్క మాట దగ్గర నా పెన్ను ఆగింది.

మాలిక్‌ల మీద నాకు పగ లేదు. ఒకాయన నాతో న్యాయంగానే అన్నాడు: "కూల్చి కొత్తది కడితే రెట్టింపు కిరాయి వస్తుంది, బాగుచేస్తే ఏమొస్తుంది?" ఆ లెక్కకి జవాబు లేనంతవరకు ఆయన్ని తప్పుపట్టను. అందుకే ప్రభుత్వం మధ్యలోకి రావాలి. బాగుచేసి, ఉన్నవాళ్ళని తిరిగి తెచ్చుకున్న మాలిక్‌కి అప్పు చవకగా ఇవ్వాలి, అనుమతి తొందరగా ఇవ్వాలి. కూలిస్తే పోయేది కిరాయి ఇల్లు ఒక్కటే కాదు. ఆ కాంక్రీటు చేయడానికి ఒకసారి కాలిన సిమెంటు, ఇనుము ఇప్పటికే ఖర్చయిపోయాయి. కొత్తదానికి మళ్ళీ కాల్చాలి. ఆ తర్వాత "పచ్చ బిల్డింగు" అని ఫలకం పెడతారు, దాని కిరాయి కట్టగలిగే మనిషి జగిత్యాల నుంచి రాడు.

ఎర్ర గీత సంగతి. నేను ఒక ఉత్తరం ఇంగ్లీషులో రాశాను, టైపింగ్ సెంటర్‌లో అరబ్బీలోకి మార్పించాను. ముందు మాలిక్ ఆఫీసుకి, అక్కడ జవాబు రాకపోతే బలదియాకి. అందులో పగులు ఫొటోలు ఉన్నాయి, ఇంజనీరుని పంపమని ఉంది. దాంతోపాటు ఒక షరతు రాశాను: పని జరిగే రోజుల్లో ఈ పదకొండు మంది ఎక్కడ పడుకుంటారో, ఎప్పుడు తిరిగి వస్తారో ముందుగా కాగితం మీద ఇవ్వాలి. ఫ్లాట్‌లో ఉన్నవాళ్ళు ఒప్పుకుంటేనే ఇస్తానని చెప్పాను. మరీ ఆలస్యమైతే ఒక్కణ్ణే ఇచ్చేస్తానని కూడా చెప్పాను, వానలు పడే నవంబరు దాకా ఆగనని. ఇప్పటికి ఏడు సంతకాలు వచ్చాయి. జగిత్యాల ఆయన ఇంకా పెట్టలేదు. పోయిన శుక్రవారం కాగితం తీసుకుని రెండుసార్లు చదివించుకున్నాడు, "తిరిగి వస్తారు" అన్న చోట వేలు పెట్టి, అరబ్బీలో కూడా గట్ల్నే ఉన్నదా సార్ అని అడిగాడు.